తోటకి ఏ సైజు ట్రాక్టర్ కొనాలి? టేపు పట్టుకుని తేల్చుకోవడం ఎలా?

మామిడి తోటో, కొబ్బరి తోటో, పామాయిల్ తోటో ఉండి ట్రాక్టర్ కోసం షోరూంకి వెళ్తే ముందుగా అడిగేది "ఎన్ని ఎకరాలండీ?" అనే. వరి చేలకైతే ఆ ప్రశ్న సరిపోతుంది. చెట్లున్న చోట ఎకరాల లెక్క తర్వాతి సంగతి, ముందు తేలాల్సింది బండి ఎక్కడెక్కడ దూరగలదన్నది. పదెకరాలుంది కదా అని 45 హెచ్‌పీ బండి తెస్తే, అది సాళ్లలో తిరగలేక గట్టు మీదే ఉండిపోతుంది, లోపలి పనికి మళ్లీ మినీ ట్రాక్టర్‌ని కిరాయికి పిలవాల్సి వస్తుంది.

అందుకని మొదట టేపు పట్టుకుని తోటంతా నడవండి. పాత మామిడి తోటల్లో మొక్కలు 10 మీటర్ల ఎడంలో ఉంటాయి, అంటే మొదలుకీ మొదలుకీ మధ్య దాదాపు 33 అడుగులు. వినడానికి బోలెడు చోటే. కానీ ముదురు చెట్ల కొమ్మలు రెండు వైపుల నుంచీ వచ్చి నడిమధ్యలో దాదాపు కలిసిపోతాయి, కాబట్టి మొదళ్ల మధ్య దూరం వదిలేసి ఈ కొమ్మ చివర నుంచి ఆ కొమ్మ చివరకి ఎంతుందో కొలవండి. అదీ చెట్టు మీద కాయ ఉండి కొమ్మలు వంగినప్పుడు. కోతలయ్యాక అవే కొమ్మలు పైకి లేస్తాయి, అప్పుడు కొలిచిన కొలతను నమ్మి బండి కొంటే కాయ మీద మందు కొట్టాల్సిన రోజున సాలులోకి పోదు. 5 మీటర్ల ఎడంలో వేసిన హైడెన్సిటీ తోటల్లో ఏటా కత్తిరింపు చేస్తేనే మినీ ట్రాక్టరైనా నడుస్తుంది.

వెడల్పు అయ్యాక ఎత్తు. దీనికి ఒక వెదురు కర్ర చాలు. షోరూంలో మీకు నచ్చిన బండి బానెట్ ఎంత ఎత్తుందో, స్టీరింగ్ ఎంత ఎత్తుందో, సీట్లో కూర్చున్న మనిషి తల ఎక్కడికి వస్తుందో కొలిచి, కర్ర మీద ఆ మూడు చోట్లా రంగు టేపు చుట్టండి. దాన్ని నిలువుగా పట్టుకుని నాలుగైదు సాళ్లు నడవండి, పై టేపుకి కొమ్మలు ఎన్నిసార్లు తగులుతున్నాయో చూస్తే డ్రైవర్ తలకి తగిలేవి అవే. ఈ చూపు చూశాక, సైలెన్సర్ నిలువుగా పైకి ఉండే బండి కంటే పక్కకి, కిందుగా ఉండేది ఎందుకు మంచిదో మీకే అర్థమవుతుంది. సాలు చివర తిప్పుకునే చోటు, గేటు, బోదె మీద తూము కూడా కొలిచి రాసుకోండి. కోనసీమ వైపు కొబ్బరి తోటల్లో చాలా చోట్ల పెద్ద బండి ఆగిపోయేది ఆ తూము దగ్గరే.

ఇప్పుడు పనుల సంగతి. ఏడాది పొడవునా బండితో ఏం చేయిస్తారో రాసుకుని, తరచుగా చేసే పనికే సైజు చూడండి. ఏడాదికి ఒకసారి పడే మోడు పెకలించే పనికి జేసీబీని గంటల లెక్కన పిలిస్తే సరిపోతుంది, దాని కోసం పెద్ద ట్రాక్టర్ అక్కర్లేదు. పామాయిల్ తోటలో పరిస్థితి పూర్తిగా వేరు: 9 మీటర్ల త్రిభుజం పద్ధతిలో ఎకరానికి 57 చెట్లుంటాయి, వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి కాపుకొచ్చిన తోటలో దున్నకూడదు. అక్కడ అసలు పని పది పదిహేను రోజులకోసారి గెలలు నింపిన ట్రక్కుని బురదలో నుంచి రోడ్డెక్కించడం. చెట్లు ఎదిగి మట్టలు పైకి పోయిన తోటైతే 35 నుంచి 45 హెచ్‌పీ బండి ఇబ్బంది లేకుండా తిరుగుతుంది. నరికిన మట్టల ముళ్లు టైర్లలో దిగుతాయి, వాటిని సాలు మధ్యలో కాకుండా పక్కన పేర్చండి.

మామిడికి, కోకో వేసిన కొబ్బరికి మాత్రం 24 నుంచి 28 హెచ్‌పీ మధ్య ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టరే నా ఓటు. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బీ2741 లాంటివి ఈ తరగతివే. వెడల్పు సుమారు మూడున్నర నుంచి నాలుగు అడుగులు, అదే 45 హెచ్‌పీ బండైతే ఆరడుగుల దాకా ఉంటుంది. మీరు కొలిచిన సందులో బండి, వెనక పనిముట్టు రెంటిలో ఏది వెడల్పైతే దాన్ని తీసుకుని, అటూ ఇటూ కనీసం అడుగున్నర మిగిలేలా చూసుకోండి. మట్టిని గుల్ల చేసే రోటావేటర్ వెడల్పు వెనక టైర్ల జాడని కప్పేంత ఉండాలి, మినీకి మూడున్నర నాలుగు అడుగులది సరిపోతుంది. చెట్టు పాదు దగ్గరికి మాత్రం దాన్ని తీసుకెళ్లొద్దు, పై మట్టిలోని పీచు వేర్లన్నీ తెగిపోతాయి.

బోర్డు మీద రాసిన హెచ్‌పీ ఇంజిన్‌ది. రోటావేటర్‌ని, స్ప్రేయర్‌ని తిప్పేది పీటీఓ (బండి వెనక పనిముట్టుకి శక్తినిచ్చే తిరిగే షాఫ్ట్) దగ్గర అందే హెచ్‌పీ, అది ఎప్పుడూ తక్కువే, ఒక్కో మోడల్లో బాగా తక్కువ. డీలర్‌ని ఈ అంకె విడిగా అడగండి. తర్వాత వెనక పనిముట్టుని ఎత్తే లిఫ్ట్ ఎంత మోస్తుందో అడగండి. మినీల్లో చాలావాటికి 750 కిలోలని రాసి ఉంటుంది, కానీ లీటరు నీళ్లు కిలో, 400 లీటర్ల ట్యాంకుకి పంపు, ఫ్యాను, ఇనుప ఫ్రేము బరువు కలిపి, అదంతా టైర్లకి వెనకగా వేలాడుతుంటే ముందు చక్రాలు తేలిపోతాయి. అలాంటప్పుడు బండి ముందు భాగానికి వెయిట్లు వేయించుకోవాలి, లేదా చక్రాల మీద లాక్కెళ్లే స్ప్రేయర్ తీసుకోవాలి.

ఇరుకు బండికి ఒక భయం ఉంది, గట్లు ఎక్కిదిగేటప్పుడు, వాలులో తిరగబడే ప్రమాదం ఎక్కువ. సాలు ఒప్పుకున్నంత మేర చక్రాల ఎడం పెంచి పెట్టించుకోండి, వాలుకి అడ్డంగా తోలకండి. బండి తిరగబడితే డ్రైవర్‌ని కాపాడే, మడిచే రక్షణ ఫ్రేము వచ్చే మోడల్ దొరికితే అదే కొనండి, కొమ్మల కింద తప్ప దాన్ని ఎప్పుడూ మడవొద్దు, ఫ్రేము నిలబెట్టినప్పుడు సీట్ బెల్ట్ తప్పనిసరి.

బేరం ఆడే ముందు డెమో మీ తోటలోనే ఇవ్వమనండి, వాన పడ్డ మర్నాడైతే మరీ మంచిది. స్ప్రేయర్ ట్యాంకు నిండా నీళ్లు పోయించి, అన్నిటికన్నా ఇరుకు సాలులో తోలించి, చివర ఒక్క తిప్పులో తిరిగిందో వెనక్కీ ముందుకీ వేయాల్సి వచ్చిందో చూడండి. ఎప్పుడో రాయించుకున్న కొటేషన్ ఉంటే మళ్లీ రాయించుకోండి, ట్రాక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.