అరబ్బుల చరిత్ర చదవాలంటే కువైట్‌తో మొదలుపెట్టండి

తిరుపతిలో ఉండి అరబ్బుల ఆధునిక చరిత్ర చదవాలనుకునేవాళ్లలో చాలామంది నేరుగా పాలస్తీనా దగ్గరికో, ఇంకా వెనక్కి ఖలీఫాల కాలానికో పోతారు. రెండూ కొత్తవాళ్లను ముంచేస్తాయి. కువైట్ చిన్న దేశం, దాని కాగితాలు తేలిగ్గా దొరుకుతాయి. పైగా పీలేరు, మదనపల్లె, రాయచోటి వైపు అకామా (నివాస అనుమతి), కఫీల్ (పూచీ పడే యజమాని), ఖాదిం వీసా (ఇంటిపని వీసా) అన్న మాటలు తెలియని ఊరు ఉండదు.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని ప్రతి పేజీలో నాలుగు గడులు గీయండి: తేదీ, జరిగింది, సంతకం పెట్టినవాళ్లు, ఒక్కో పక్షం దానికి పెట్టుకున్న పేరు. మొదటి వారం ఆరు సంవత్సరాలు చాలు. 1899లో షేక్ ముబారక్ బ్రిటిష్‌వాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. 1922లో ఇప్పటి సౌదీ తీరంలోని ఉఖైర్ దగ్గర సరిహద్దు గీశారు. 1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1961లో స్వాతంత్ర్యం, 1990లో ఇరాక్ దాడి, 2024లో అమీర్ పార్లమెంటును రద్దు చేయడం.

వీటిలో 1922 మీద ఎక్కువసేపు కూర్చోండి. బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ గీసిన గీతతో కువైట్ తనదనుకున్న నేలలో దాదాపు మూడింట రెండు వంతులు తర్వాత సౌదీ అరేబియాను స్థాపించిన ఇబ్న్ సౌద్‌కు పోయింది. పటం చేత్తో గీస్తేనే ఇది తలకెక్కుతుంది. పశ్చిమాసియా సరిహద్దులన్నీ 1916లో బ్రిటన్, ఫ్రాన్స్ రహస్యంగా చేసుకున్న సైక్స్-పికో ఒప్పందంలోనే గీసేశారన్న మాట నమ్మకండి. అందులో మోసుల్ ఫ్రెంచ్‌వాళ్ల వాటాలో ఉంది. ఇప్పుడది ఇరాక్‌లో ఉంది. ఎందుకలా అయిందో తెలియాలంటే 1920 సాన్ రెమో సమావేశం, 1923 లొసాన్ ఒప్పందం గురించి చదవాలి. మన ఖిలాఫత్ ఉద్యమం కూడా ఆ ఏళ్లలోనిదే, దాన్నీ అదే పేజీలో రాసుకోండి.

నాలుగో గడి ఖాళీగా వదలొద్దు. 1948 యుద్ధం ఇజ్రాయెల్‌కు స్వాతంత్ర్య యుద్ధం, ఆ ఏడు తమకు జరిగినదాన్ని పాలస్తీనీయులు నక్బా అంటారు, అంటే మహావిపత్తు. 1973 యుద్ధం ఇజ్రాయెల్‌కు యోమ్ కిప్పూర్, అరబ్బులకు అక్టోబర్ యుద్ధం. ఒక్క పేరుతో వెతికితే ఒక పక్షం రాతలే కనబడతాయి.

ఇరానీయులు అరబ్బులు కారు, వాళ్ల ప్రధాన భాష ఫార్సీ. తుర్కులూ కుర్దులూ కూడా వేరే జాతులు. ప్రతి గొడవనూ షియా-సున్నీ అని తేల్చేయడం ఇంకో పెద్ద పొరపాటు. 1980-88 యుద్ధంలో ఇరాన్‌తో పోరాడిన ఇరాక్ సైనికుల్లో ఎక్కువమంది షియాలే. అరబ్ దేశమైన సిరియా ఇరాన్ పక్షం వహించింది. ఇరాన్ కాగితాల్లో వాళ్ల పంచాంగం ప్రకారం 1357 అని కనబడితే, మన ఏడాది కోసం 621 కలపండి. ఏడాది మార్చిలో మొదలవుతుంది కాబట్టి చివరి నెలలకు 622 కలపాలి. ఇరాన్ విప్లవం గెలిచిన 1357 బహ్మన్ (పదకొండో నెల) 22 అంటే 1979 ఫిబ్రవరి 11.

పేర్ల విషయంలో తెలుగు లిపి మనకు ఇంగ్లిష్ కన్నా మేలు చేస్తుంది. ఆల్ సౌద్‌లో దీర్ఘం ఉన్న ఆల్ అంటే వంశం. అల్ జజీరాలోని అల్ ఉత్త ఉపపదం, ఇంగ్లిష్‌లో ద లాంటిది. నోట్‌బుక్‌లో తేడా చూపించి రాయండి.

1947 దాకా గల్ఫ్‌లోని బ్రిటిష్ రెసిడెంట్ (బ్రిటన్ ప్రతినిధి) ఇండియా ప్రభుత్వం కింద పనిచేశాడు. ఆ ఫైళ్లు ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా చదవొచ్చు. పాత కాగితాల్లో కువైట్ ఇంగ్లిష్ స్పెల్లింగులో యు బదులు ఓ, ఏ బదులు ఈ ఉంటుంది. రెండు రకాలుగానూ వెతకండి.

1990లో ఇరాక్ దాడి తర్వాత కువైట్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఊళ్లో ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. అప్పుడు జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి విమానాల్లో మన దేశం చేర్చింది దాదాపు 1,70,000 మందిని. తేదీ అడిగితే చెప్పలేకపోవచ్చు. వినాయక చవితికి ముందా, దసరా తర్వాతా అని అడగండి, ఆపైన పాత పాస్‌పోర్టు ముద్రతో సరిచూసుకోండి. ఏ దారిన వచ్చారు, జీతం బాకీ ఎంత ఆగిపోయింది, యజమాని ఏమన్నాడు అన్నవి అడగండి. పేరు రాసుకునే ముందు వాళ్ల అనుమతి తీసుకోండి.