వేలంలో పెయింటింగ్ కొనడం ఎలా? పేరు ముందున్న మాటను ముందు చదవండి

2021లో క్రిస్టీస్ సంస్థ ఒక చిన్న పెయింటింగ్‌ను వేలానికి పెట్టింది. పసిబిడ్డ యేసును చూడటానికి రాజులు వచ్చిన దృశ్యం అది. కేటలాగ్‌లో ‘సర్కిల్ ఆఫ్ రెంబ్రాంట్’ అని, అంటే ప్రసిద్ధ డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ప్రభావంతో వేరెవరో వేసిందని రాశారు. 10,000 నుంచి 15,000 యూరోలు పలకొచ్చని అంచనా వేశారు. తీరా పాట 8,60,000 యూరోలకు చేరింది. 2023 డిసెంబరులో అదే పెయింటింగ్ లండన్‌లో సదబీస్ వేలానికి వచ్చింది. ఈసారి ‘సర్కిల్ ఆఫ్’ తీసేసి, రెంబ్రాంట్ పేరు ఒక్కటే పెట్టారు. ధర దాదాపు 1.1 కోట్ల పౌండ్లు.

వేలంలో మీరిచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ పేరుకే పోతుంది. తర్వాత ఏదైనా తేడా వస్తే సంస్థ బాధ్యత కూడా కేటలాగ్‌లో రాసిన మాటల వరకే. బొమ్మ ఎంత నచ్చినా సరే, పాట పాడే ముందు కేటలాగ్‌లోని ఆ నాలుగు మాటలను ఎలా చదవాలో తెలుసుకోవాలి.

మొదటి అడుగు: పేరు ఎలా రాశారో చూడండి

పెద్ద సంస్థలన్నీ తాము వాడే మాటలకు అర్థాలను కేటలాగ్ చివర్లోనో, వెబ్‌సైట్‌లోని షరతుల పేజీలోనో ఇస్తాయి. సంస్థను బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి కాబట్టి, మీరు కొనబోయే చోట ఆ పేజీని తప్పకుండా చదవండి. స్థూలంగా చూస్తే వరస ఇది.

ముందూ వెనకా ఏమీ లేకుండా కళాకారుడి పేరు మాత్రమే ఉంటే, అది ఆయన వేసిందేనని సంస్థ అభిప్రాయం. అభిప్రాయం అనే మాట వాళ్లు ఆచితూచి వాడేదే, గుర్తుపెట్టుకోండి.

‘అట్రిబ్యూటెడ్ టు’ అని ఉంటే, పూర్తిగానో కొంతవరకో ఆయన వేసిందై ఉండొచ్చు అని. నమ్మకం ఉంది గానీ, గట్టిగా చెప్పే ధైర్యం లేదన్నమాట.

‘స్టూడియో ఆఫ్’ లేదా ‘వర్క్‌షాప్ ఆఫ్’ అంటే ఆయన పనిచేసే చోటే తయారైంది, బహుశా ఆయన కనుసన్నల్లోనే. రూబెన్స్ లాంటి చిత్రకారుల దగ్గర చాలామంది సహాయకులు ఉండేవారు. గురువు రూపకల్పన చేస్తే శిష్యులు రంగులు నింపేవారు, ఆయన చివర్లో ముఖాలూ చేతులూ సరిదిద్దేవాడు. అలాంటి బొమ్మలో గురువు చెయ్యి ఎంత, శిష్యుల చెయ్యి ఎంత అన్నది నిపుణులు కూడా ఏళ్ల తరబడి వాదించుకునే సంగతి. అందుకే ఈ మాటకూ దీని పై మాటకూ మధ్య గీత చెరిగిపోతూ ఉంటుంది.

‘సర్కిల్ ఆఫ్’ అంటే ఆయన కాలంలోనే, ఆయన ప్రభావంతో వేరెవరో వేశారు. ‘ఫాలోయర్ ఆఫ్’ అంటే ఆయన శైలిలో పనిచేసిన వ్యక్తి వేశారు, కానీ శిష్యుడే అయి ఉండాల్సిన పనిలేదు. ‘మేనర్ ఆఫ్’ అంటే శైలి ఆయనదే, కాలం మాత్రం తర్వాతది.

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తా పడేది ‘ఆఫ్టర్’ దగ్గర. ఆయన వేసిన ఫలానా బొమ్మకు ఇది కాపీ అని దానర్థం. ఆ కాపీ ఏ కాలంలో తీసిందైనా కావచ్చు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు పికాసో, మటీస్ పేర్లే కంటికి కనబడతాయి గానీ ముందున్న ఆ చిన్న మాటను చూపు దాటేస్తుంది. ధర మరీ తక్కువగా కనిపిస్తే ముందు ఈ మాట ఉందేమో చూడండి. మంచి కాపీని కాపీ ధరకు కొనడంలో తప్పేం లేదు. తెలియకుండా కొనడంతోనే చిక్కు.

ఇవేవీ కాకుండా ‘ఇటాలియన్ స్కూల్, 17వ శతాబ్దం’ అని ప్రాంతం, కాలం మాత్రమే రాసిన లాట్‌లు (వేలానికి పెట్టే ఒక్కో వస్తువును లాట్ అంటారు) కూడా ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా వీటినే చూడమని. ఇక్కడ పేరుకు డబ్బు కట్టక్కర్లేదు, బొమ్మ నచ్చిందా లేదా అన్నదే లెక్క.

ఈ మాటలు కాలంతో పాటు మారుతుంటాయి. పైన చెప్పిన రాజుల బొమ్మను 1950లలో రెంబ్రాంట్ పేరు మీదే ప్రదర్శించారు. 1960లో ఒక కళా చరిత్రకారుడు దాన్ని నలుపు తెలుపు ఫొటోలో మాత్రమే చూసి, శిష్యుల పనిగా తేల్చాడు. మళ్లీ పేరు దక్కడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. ఇలా తక్కువ అంచనాతో వచ్చి, పెద్ద పేరు దాచుకున్న వాటిని ఈ వ్యాపారంలో ‘స్లీపర్’ అంటారు. వాటి కోసం చాలామంది కాచుక్కూచుంటారు. 2006లో సదబీస్‌లో ‘ఫాలోయర్ ఆఫ్ కారవాజ్జో’గా 42,000 పౌండ్లకు అమ్ముడైన ఒక బొమ్మను, కొన్న సర్ డెనిస్ మహన్ ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిందేనని ప్రకటించాడు. అమ్మినాయన కోర్టుకెక్కాడు. కేటలాగ్ రాయడంలో సంస్థ నిర్లక్ష్యం ఏమీ లేదని 2015లో లండన్ కోర్టు తీర్పు చెప్పింది. మహన్ జీవితమంతా ఇటాలియన్ బరోక్ చిత్రకళ చదివిన పండితుడు. ఆ స్థాయి చూపు లేకుండా స్లీపర్ దొరుకుతుందని డబ్బు పెట్టడం లాటరీ టికెట్ కొనడమే.

రెండో అడుగు: సంతకం గురించి ఏం రాశారో చూడండి

‘సైన్డ్’ అంటే కళాకారుడే సంతకం పెట్టాడని సంస్థ నమ్ముతోంది. ‘బేర్స్ సిగ్నేచర్’ లేదా ‘విత్ సిగ్నేచర్’ అంటే బొమ్మ మీద సంతకం అయితే ఉంది గానీ, అది వేరొకరు పెట్టినట్టుందని. తేదీకీ ఇదే పద్ధతి. సంతకం కనబడగానే నిశ్చింత పడేవాళ్లకు న్యూయార్క్‌లోని నోడ్లర్ గ్యాలరీ కథ చెప్పాలి. 1846 నుంచి నడిచిన ఆ గ్యాలరీ 2011లో మూతపడింది. అమెరికన్ చిత్రకారులు రోత్కో, పొలాక్ లాంటి వారి పేర్ల మీద అది అమ్మిన బొమ్మల్లో డజన్ల కొద్దీ నకిలీలని తేలింది. వాటిలో ఒకదాని మీద పొలాక్ సంతకంలోనే ఒక అక్షరం తక్కువ!

ప్రింట్‌లు, కంచు శిల్పాలు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ప్రింట్ మీద 23/100 అని ఉంటే, తీసిన వంద ప్రతుల్లో ఇరవైమూడోది అని. ఆ వంద ఎప్పుడు, ఎవరి ఆధ్వర్యంలో తీశారన్నది అడగండి. సంతకం చేత్తో పెట్టిందా, అచ్చులోనే వచ్చిందా అన్నది కూడా. కంచు విగ్రహమైతే కళాకారుడు బతికుండగా పోతపోసిందా, తర్వాతా అన్నది ముఖ్యం. ఫ్రెంచ్ శిల్పి రోదాన్ శిల్పాలకు ఆయన పోయాక కూడా చట్టబద్ధంగా పోతలు పోశారు. అవి నకిలీలు కావు, కానీ ఆయన చూసినవీ కావు. ధరలో తేడా ఉంటుంది.

మూడో అడుగు: ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలుసుకోండి

బొమ్మ ఎవరెవరి దగ్గర ఉండి వచ్చిందో చెప్పే చరిత్రను ప్రావెనెన్స్ అంటారు. మంచి ప్రావెనెన్స్‌లో పేర్లు, ఏళ్లు, పాత వేలం లాట్ నంబర్లు, ఎగ్జిబిషన్‌లు ఉంటాయి. ‘ప్రైవేట్ కలెక్షన్, యూరప్’ అన్న ఒక్క ముక్క ఉంటే, చెప్పిందేమీ లేదన్నమాటే. నోడ్లర్ నకిలీలు చాలావరకు పేరు బయటపెట్టని ఒకే సేకరణకర్త నుంచి వచ్చాయని చెప్పారు. ఏ జాబితాలోనూ లేని గొప్ప చిత్రాలు ఒకే మనిషి దగ్గర డజన్ల కొద్దీ ఎలా ఉన్నాయని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

కాగితాలు ఉన్నా, వాటినీ అనుమానించాలి. జర్మన్ నకిలీ చిత్రకారుడు వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకీ బొమ్మల వెనక పాత సేకరణల లేబుళ్లను కూడా తయారుచేసి అంటించాడు. భార్యకు పాతకాలం బట్టలు కట్టించి, వెనక గోడకు ఆ బొమ్మలు తగిలించి, అమ్మమ్మ ఫొటో అని నమ్మించాడు. జర్మన్ చిత్రకారుడు కాంపెండాంక్ 1914లో వేసినట్టు చెప్పిన ఒక బొమ్మ 2006లో కొలోన్ వేలంలో 28.8 లక్షల యూరోలకు పోయింది. తర్వాత రంగును పరీక్షిస్తే టైటానియం వైట్ బయటపడింది. 1914లో చిత్రకారులకు ఆ తెలుపు దొరికేదే కాదు. 2011లో బెల్ట్రాకీకి ఆరేళ్ల జైలుశిక్ష పడింది.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆ కళాకారుడి మొత్తం పనిని నమోదు చేసిన ప్రామాణిక జాబితా, అంటే కేటలాగ్ రెజొనే, ఉందేమో చూడండి. అందులో ఈ బొమ్మ లేకపోతే ఎందుకు లేదని సంస్థను ఈమెయిల్‌లో అడగండి. 1933 నుంచి 1945 మధ్య యూరప్‌లో ఉన్న బొమ్మ అయితే ఆ ఏళ్లలో ఎవరి దగ్గర ఉందో ప్రత్యేకంగా చూడాలి. నాజీలు లాక్కున్నదైతే అసలు వారసులు ఇప్పటికీ అడగొచ్చు. దొంగిలించిన వస్తువుల కోసం ఆర్ట్ లాస్ రిజిస్టర్ అనే డేటాబేస్ ఉంది. పెద్ద సంస్థలు తమ లాట్‌లను దాంట్లో సరిచూస్తాయి, చిన్న సంస్థల దగ్గర మీరే అడగాలి.

‘సర్టిఫికెట్ ఆఫ్ ఆథెంటిసిటీ’ విలువ అంతా అది ఇచ్చినవారి స్థాయిలో ఉంది. అమ్మేవాడే ప్రింటు తీసి ఇచ్చిన సర్టిఫికెట్‌కు కాగితం ఖరీదు కూడా రాదు. పైగా కొందరు కళాకారుల విషయంలో అధికారికంగా చెప్పే సంఘమే ఇప్పుడు లేదు. అమెరికన్ కళాకారుడు ఆండీ వార్‌హోల్ బొమ్మలను పరిశీలించే బోర్డు కోర్టు ఖర్చులు భరించలేక 2012లో మూతపడింది.

నాలుగో అడుగు: బొమ్మను చూడండి, కండిషన్ రిపోర్ట్ తెప్పించుకోండి

వేలానికి కొన్ని రోజుల ముందు ప్రదర్శన పెడతారు, వెళ్లగలిగితే వెళ్లండి. ముందువైపు కన్నా వెనకవైపు చూపించమని అడగండి. లేబుళ్లు, ముద్రలు, కాన్వాస్ వయసు అక్కడే తెలుస్తాయి. కేటలాగ్‌లో దెబ్బల ప్రస్తావన లేనంత మాత్రాన బొమ్మ బాగున్నట్టు కాదు. కండిషన్ రిపోర్ట్ విడిగా అడిగి తీసుకోవాలి. అందులో ‘రీలైన్డ్’ అంటే పాత కాన్వాస్ వెనక కొత్తది అతికించారని, ‘ఇన్‌పెయింటింగ్’ అంటే పోయినచోట తర్వాత రంగు వేశారని. అల్ట్రావయొలెట్ లైటు కింద కొత్త రంగు సాధారణంగా నల్లటి మచ్చల్లా కనబడుతుంది.

ఐదో అడుగు: గ్యారంటీ దేనికి ఇస్తున్నారో చదవండి

చాలామంది చదవకుండా వదిలేసే పేజీ ఇదే. క్రిస్టీస్, సదబీస్ రెండూ సాధారణంగా ఐదేళ్ల గ్యారంటీ ఇస్తాయి. నకిలీ అని తేలితే డబ్బు వెనక్కిస్తాయి. కానీ షరతులున్నాయి. క్రిస్టీస్‌లో అయితే గ్యారంటీ పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షికకే. కింద రాసిన వ్యాసం ఎంత గొప్పగా పొగిడినా దానికి వర్తించదు. శీర్షికలో ‘అట్రిబ్యూటెడ్ టు’ లాంటి మాట ఉంటే, అది ఆయన వేసిందేనన్న గ్యారంటీ ఉండదు. అమ్మిన రోజున పండితులు సాధారణంగా ఒప్పుకున్న అభిప్రాయాన్నే రాసి ఉంటే, తర్వాత వాళ్లు మనసు మార్చుకున్నా డబ్బు రాదు. గ్యారంటీ వేలంలో కొన్నవారికే, వారి దగ్గర కొన్నవారికి కాదు.

ఈ హామీ ఉత్త మాట కాదు. 2011లో సదబీస్ ద్వారా వేలం బయట సుమారు కోటి డాలర్లకు అమ్ముడైన, 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వేసినట్టు చెప్పిన చిత్రంలో ఆధునిక రంగులున్నాయని 2016లో బయటపడింది. సంస్థ కొన్నవారికి డబ్బు తిరిగిచ్చింది. చిన్న సంస్థల్లో గడువు బాగా తక్కువ ఉండొచ్చు, లేదా ‘ఉన్నది ఉన్నట్టు’గానే అమ్మొచ్చు. అలాంటిచోట మొదటి నాలుగు అడుగుల్లో మీరు చేసిన పనే మీకు రక్ష.

ఆరో అడుగు: అసలు ఖర్చు లెక్క వేసుకోండి

పాట ఆగిన ధరను హామర్ ప్రైస్ అంటారు. మీరు కట్టేది అది కాదు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం పడుతుంది, తరచూ పాతిక శాతం చుట్టుపక్కల. మరీ పెద్ద మొత్తాలకు శాతం తగ్గుతుంది. 2017లో లియోనార్డో డావిన్చీ పేరు మీద అమ్మిన ‘సాల్వటోర్ ముండీ’ చిత్రానికి పాట 40 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది, కొన్నవారు కట్టింది 45.03 కోట్లు. వీటి మీద పన్నులు, కొన్ని దేశాల్లో కళాకారుడికి చెందే రీసేల్ రాయల్టీ, ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ ఫీజు, ప్యాకింగ్, రవాణా, ఇన్సూరెన్స్ కలుస్తాయి. మీ దగ్గర ఉన్నది 10,000 డాలర్లయితే, పాటలో 7,000 దగ్గర ఆగిపోవాలని ముందే రాసిపెట్టుకోండి.

ఏడో అడుగు: పాట రోజు

ముందే రిజిస్టర్ చేసుకోవాలి. గుర్తింపు పత్రాలు, కొన్నిసార్లు డిపాజిట్ అడుగుతారు. హాల్లో, ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో పాడొచ్చు. మీ గరిష్ఠ ధరను ముందే రాసిచ్చి ఇంట్లో కూర్చోవచ్చు కూడా. టెన్షన్‌లో చెయ్యి ఎత్తేసే అలవాటున్నవాళ్లకు ఈ చివరిదే మేలు. ప్రతి లాట్‌కూ సాధారణంగా రిజర్వ్ అనే రహస్య ధర ఉంటుంది, అది కింది అంచనాను మించదు. అక్కడికి చేరేదాకా అమ్మేవారి తరఫున వేలం నడిపే వ్యక్తే పాట పెంచొచ్చు. షరతుల్లో రాసే ఉంటుంది కాబట్టి అది మోసం కాదు. కానీ అవతల నిజంగా ఎవరో పోటీ పడుతున్నారని మీరు అనుకోవచ్చు.

మొదలవడానికి ముందు సేల్‌రూమ్ నోటీసులు చూడండి. కేటలాగ్ అచ్చయ్యాక శీర్షిక మారితే అక్కడే చెబుతారు. నిన్న పేరు మాత్రమే ఉన్నచోట ఇవాళ ‘స్టూడియో ఆఫ్’ వచ్చి ఉండొచ్చు.

ఎనిమిదో అడుగు: గెలిచాక

సుత్తి పడగానే ఒప్పందం అయిపోయినట్టే, మనసు మార్చుకునే వీలుండదు. చాలాచోట్ల వారం లోపు డబ్బు కట్టాలి, ఆలస్యమైతే స్టోరేజీ చార్జీలు పడతాయి. ఆ రోజు ఉన్న లాట్ పేజీ, నోటీసులు, కండిషన్ రిపోర్ట్, షరతులు, బిల్లు అన్నీ ప్రింటు తీసి దాచుకోండి. ఐదేళ్లలో ఏదైనా తేలితే గ్యారంటీ అడగడానికి అవే ఆధారం. బొమ్మ దేశం దాటాల్సి ఉంటే ఎగుమతి లైసెన్స్ కావాలేమో పాటకు ముందే కనుక్కోండి. ఆ లైసెన్స్ రాకపోయినా కొనుగోలు రద్దు కాదు, మీరు డబ్బు కట్టాల్సిందే.