పుచ్చకాయ చప్పగా వస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

కోస్తే లోపల తెల్లగా, లేత గులాబీగా ఉంది

పక్వానికి రాకముందే తీగ నుంచి కోసేశారన్నమాట. మామిడి, అరటి అయితే కోశాక కూడా పండుతాయి. పుచ్చకాయకు ఆ గుణం లేదు. ఇంట్లో వారం ఉంచినా తీపి పెరగదు. కాబట్టి చూసుకోవాల్సిందంతా కొనేచోటే చూసుకోవాలి.

ముందు కాయను తిరగేయండి. పొలంలో నేలకు ఆనిన వైపు ఒక మచ్చ ఉంటుంది. అది మీగడ రంగులోనో, బాగా పసుపుగానో ఉంటే కాయ తీగ మీద తగినన్ని రోజులు ఉన్నట్టే. తెల్లగా గానీ లేత ఆకుపచ్చగా గానీ ఉంటే ఎంత పెద్ద కాయైనా వదిలేయండి. చారల కాయలోనే కాదు, ముదురాకుపచ్చగా ఉండే షుగర్ బేబీ రకంలోనూ ఈ మచ్చ కనబడుతుంది. అందుకే అన్ని గుర్తుల్లోకీ నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. విశాఖలో ఎంవీపీ కాలనీ రైతు బజారైనా, పూర్ణా మార్కెటైనా "బాబూ, ఆ కాయ ఒకసారి తిప్పి చూపించు" అనడానికి మొహమాటపడకండి.

తొడిమ దగ్గరి నులితీగ ఎండిందా అని కొందరు చూస్తారు. అది పొలంలో రైతుకు పనికొచ్చే గుర్తు. కోశాక ఎలాగూ ఎండిపోతుంది కదా, బజార్లో దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

ఎర్రగానే ఉంది, తీపి లేదు

రంగు వేరు, తీపి వేరు. కోతకు ముందు వాన పడినా, నీళ్లు ఎక్కువ పెట్టినా చప్పబడుతుంది. తెగులు సోకి ఆకులు పోయినా అంతే. ఇది పైకి తెలియదు. మన కళ్లముందే కోయించి రుచి చూడడం ఒక్కటే దారి. ఒక చిన్న విషయం: నడిమధ్య భాగం ఎప్పుడూ ఎక్కువ తియ్యగా ఉంటుంది. ముక్క ఇస్తే తొక్క వైపు కూడా కొరికి చూడండి.

కండ పొడిపొడిగా, గింజల చుట్టూ జారిపోతోంది

మగ్గిపోయిన కాయ ఇది. వేళ్లతో తట్టి చూడండి. పచ్చికాయ ఖంగుమంటుంది, పండింది లోతుగా మోగుతుంది, మగ్గింది చచ్చుగా పలుకుతుంది. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో పట్టుకుని బరువైనది తీసుకోండి.

మధ్యలో పగుళ్లు, బోలు

టెన్షన్ పడక్కర్లేదు. పూత దశలో పరాగ సంపర్కం సరిగా జరగనప్పుడు తరచుగా ఇలా అవుతుంది. నిక్షేపంగా తినొచ్చు.

పుల్లటి వాసన, నురగ

రుచి కూడా చూడకుండా పారేయండి. కాయ లోపల పులిసిపోయింది. ఇక బాగున్న కాయనైనా కోసేముందు పైన కడగండి, లేకపోతే తొక్క మీది మట్టి కత్తితోపాటు లోపలికి పోతుంది. మన విశాఖ ఉక్కపోతలో కోసిన ముక్కలు గంటకు మించి బయట ఉంచొద్దు. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయండి. కోయని కాయకైతే గాలి తగిలే నీడ చాలు.