మిల్లు మిషను కింద మౌంట్లు: కొనేముందు కాటా వేయండి

ఒడిశాలో జయపురం, రాయగడ, గుణుపురం వైపు రైసుమిల్లుల్లో ఊకని ఊదే ఫ్యాను, అంటే బ్లోవరు, అదరడం మొదలుపెడితే చాలామంది దుకాణానికి ఫోను చేసి, ‘ఇరవై ఐదు హెచ్‌పీ మోటారుకి నాలుగు రబ్బరు మౌంట్లు పంపండి’ అంటారు. వాళ్లూ పంపేస్తారు. మౌంటంటే అదురు నేలకి దిగకుండా మిషను కాళ్ల కింద పెట్టే రబ్బరు దిమ్మ, లేదా స్ప్రింగు. దానికి హెచ్‌పీతో పనిలేదు. మిషను ఎంత వేగంతో తిరుగుతోంది, ఒక్కో కాలిమీద ఎంత బరువు పడుతోంది, కింద నేల ఎంత గట్టిది అన్నవే దానికి కావాలి. ఈ మూడూ రాసుకోకుండా విశాఖ నుంచి సరుకు తెప్పిస్తే, మార్చుకోవడానికి మళ్లీ అంతదూరం పోవాల్సిందే.

అంతకంటే ముందు అదురు ఎక్కడ పుడుతోందో చూడండి. రెక్కలకి తవుడు అట్టకట్టినా, బేరింగు అరిగినా, పునాది బోల్టు వదులైనా మౌంటు దాన్ని నయం చేయదు. నేలకి అదురు తగ్గి, మిషను మాత్రం ఇంకా ఎక్కువ ఊగుతుంది. గట్టి పునాది మీద బిగించిన 15 నుంచి 300 కిలోవాట్ల మిషనుకి బేరింగు దగ్గర అదురు కొలిచే మీటరు పెడితే సెకనుకి 4.5 మి.మీ. దాటి చూపిస్తే, ఐఎస్‌ఓ 20816-3 (2022కి ముందు 10816-3) అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కన అది మిషను పాడయ్యే స్థాయి. రెక్కలు గీకి శుభ్రం చేసి, బ్యాలెన్సు చేయించి, అప్పుడు మౌంటు మాట ఎత్తండి.

వేగం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. మోటారు ప్లేటు మీద నిమిషానికి 1440 చుట్లు అని ఉంటుంది. కానీ మోటారు పుల్లీ 6 అంగుళాలు, ఫ్యాను పుల్లీ 9 అంగుళాలు అయితే ఫ్యాను తిరిగేది 960 మాత్రమే. లెక్కకి ఎప్పుడూ తక్కువ వేగాన్నే తీసుకోవాలి. 2840ని ఆ వేగంతో భాగించి, వచ్చిన అంకెను మళ్లీ అదే అంకెతో గుణించండి. బరువు పడ్డాక మౌంటు కనీసం ఎన్ని మిల్లీమీటర్లు కుంగాలో తెలుస్తుంది. 960కి దాదాపు 9 మి.మీ., 1440కి 4 మి.మీ., 720కి 15.5 మి.మీ. వస్తాయి. అంత కుంగితే అదురులో ఎనిమిదో వంతే నేలకి దిగుతుంది. మోటారు ప్లేటు చూసి 4 మి.మీ. కుంగేది కొంటే, 960 ఫ్యాను అదురులో మూడో వంతు నేలకి పోతుంది. ఇక పల్చటి ప్యాడు వేసి 1.5 మి.మీ. మాత్రమే కుంగనిస్తే, నేలకి చేరే అదురు దాదాపు రెట్టింపవుతుంది. ‘మౌంట్లు వేశాకే ఎక్కువైంది’ అని ఫిట్టరు చెప్తే కొట్టిపారేయకండి, నిజమే చెప్తున్నాడు.

డీజిలు జనరేటరు 1500 మీద తిరిగినా, ఒక సిలిండరు సరిగ్గా మండకపోతే 750 లెక్కన కుదుపు వస్తుంది. అందుకని దానికి 1500 పెట్టి లెక్కవేయడం చాలదు. 2880 మీద తిరిగే చిన్న పంపులకి 1 మి.మీ. చాలు, మంచి రబ్బరుతో పనైపోతుంది. మామూలు రబ్బరు మౌంటు 5 మి.మీ. దాటి కుంగాలంటే చాలా మందం కావాలి, అప్పుడు మిషను పక్కకి ఊగుతుంది. అక్కడినుంచి స్ప్రింగే. పైగా రబ్బరు అదురు కింద నిలకడ బరువు కిందకంటే బిగుసుగా ఉంటుంది కాబట్టి, లెక్కలో వచ్చినదానికి నాలుగో వంతు కలుపుకోండి.

ఇప్పుడు బరువు. మొత్తాన్ని నాలుగుతో భాగించి ఒకే సైజు నాలుగు కొనేయడం రెండో పొరపాటు. ఫ్రేముతో కలిపి 600 కిలోల బ్లోవరు అనుకుందాం, కాళ్ల మధ్య 1200 మి.మీ. ఫ్రేము కింద అడ్డంగా ఒక ఇనుప పైపు పెట్టి, రెండు కొసలా చెక్కదుంగలు ఆధారంగా ఉంచి, పైపుని అటూఇటూ జరిపితే తూగు కుదిరే చోటు దొరుకుతుంది. అది మోటారు వైపు కాళ్లనుంచి 500 మి.మీ. దగ్గర ఉంటే, మోటారు వైపు 350 కిలోలు, ఫ్యాను వైపు 250. అంటే ఒక్కో కాలికి 175, 125 పడతాయి. రెండు వైపులా 250 కిలోలకి 25 మి.మీ. కుంగే స్ప్రింగు వేస్తే ఒక వైపు 17.5, ఇంకో వైపు 12.5 కుంగి ఫ్రేము 5 మి.మీ. వాలుతుంది. డక్టు (గాలి గొట్టం) జాయింటు చీలేది ఇందుకే. ఫ్యాను వైపు 180 కిలోల స్ప్రింగు వేయండి, వాలు పోతుంది.

మోటారు, ఫ్యాను రెండూ ఒకే ఉక్కు ఫ్రేము మీద ఉండాలి. మోటారు నేలమీద, ఫ్యాను మౌంట్ల మీద ఉంటే బెల్టు లాగుడుకి ఫ్యాను మోటారు వైపు ఒరుగుతుంది, బెల్టులు త్వరగా తెగుతాయి. ఫ్రేము తేలికైతే లోపల కాంక్రీటు పోసి, మిషనంత బరువు చేస్తే ఊపు తగ్గుతుంది.

ఇనుప ప్లాట్‌ఫారం మీద మౌంట్లు పెట్టినప్పుడు ప్లాట్‌ఫారం తనే స్ప్రింగులా కుంగుతుంది. మౌంటు కుంగుదల ప్లాట్‌ఫారం కుంగుదలకి కనీసం ఐదు రెట్లు లేకపోతే డబ్బు దండగ. ముందు దూలం బలపరచండి.

రబ్బరు రకం అడక్కుండా తీసుకోకండి. సహజ రబ్బరుకి అదురు బాగా ఆగుతుంది గాని నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది, 70 డిగ్రీలు దాటితే గట్టిపడుతుంది. నూనె కారే గేరుబాక్సు కింద నైట్రిలు రబ్బరు, వేడి ఉండే బాయిలరు దగ్గర నియోప్రీను రబ్బరు వాడాలి. బరంపురం, గోపాలపురం ఉప్పుగాలికి మామూలు స్ప్రింగు తుప్పుపడుతుంది, గాల్వనైజు చేసినదే అడగండి. డబ్బాలో మూసి ఉన్న స్ప్రింగులో తవుడు చేరి, వానాకాలం తడికి ఇటుకలా గట్టిపడితే ఇక స్ప్రింగు ఉన్నా లేనట్టే. అలాంటి చోట చుట్టూ తెరిచి ఉన్న రకమే నయం.

బిగించేటప్పుడు మౌంటు పక్కన వెల్డింగు పెట్టకూడదు. వేడికి రబ్బరు ఇనుము నుంచి ఊడుతుంది, అది పైకి కనబడదు కూడా. డక్టుకి 100 నుంచి 150 మి.మీ. కాన్వాసు ముక్క వదులుగా, కేబులుకి ఒక చుట్టు ఇవ్వండి. గట్టి పైపు ఒక్కటి మిగిలినా అదురు దానిగుండానే గోడెక్కుతుంది. ఫ్రేము కింద కాంక్రీటు పెచ్చు, మరచిపోయిన షిమ్ము (లెవెలు కోసం దూర్చే రేకుముక్క) ఉన్నాయేమో ఒక పల్చటి రేకు చుట్టూ దూర్చి చూడండి.

నిమిషానికి 300 సార్ల లోపు ఊగే గ్రేడర్లకి (బియ్యాన్ని సైజులవారీగా జల్లించేవి), పాడీ సెపరేటరుకి (బియ్యం నుంచి వడ్లు వేరుచేసేది) మౌంటు వద్దు. లెక్కవేస్తే కనీసం 90 మి.మీ. కుంగాలి, అంత మెత్తని కాళ్ల మీద ఆ మిషను నిలబడదు. వాటికి బరువైన పునాదే.

అన్నీ అయ్యాక నాలుగు మూలలా మౌంటు ఎత్తు కొలిచి, ఫ్రేము మీదే మార్కరుతో రాయండి. రెండు రోజులు నడిచాక మళ్లీ కొలవండి. రబ్బరు ఇంకాస్త కుంగి ఉంటుంది, లెవెలు అప్పుడే సరిచేయాలి. తరవాత నెలల్లో ఏ మూల ఎత్తు పడిపోతే ఆ మౌంటే పోయినట్టు. అప్పుడు ఆ వైపు రెండూ కలిపి మార్చండి.