వాన పడితే కారు వణకడం: నాకు పనిచేసిన పద్ధతి

బెజవాడలో గట్టి వాన పడిన మర్నాడల్లా మా పెట్రోల్ కారు ఐడిల్‌లో (బండి ఆగి, ఇంజన్ మాత్రం నడుస్తున్నప్పుడు) వణికేది, చెక్ ఇంజన్ లైట్ వెలిగేది. ఎయిర్ ఫిల్టర్ మార్చాం, బంకు మార్చాం, ఇంజెక్టర్ క్లీనర్ పోశాం, లాభం లేదు.

చివరికి ఇంజన్ పూర్తిగా చల్లారాక కీ తీసేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పాను. ఇది మాత్రం దాటేయకండి. నడుస్తున్న ఇంజన్‌లో ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చే భాగం) నుంచి 20,000 వోల్టులకు పైనే రావచ్చు. కొందరు ఇంజన్ ఆన్‌లో ఉండగానే కాయిల్ లాగి చూస్తారు, నాకైతే భయమేస్తుంది. కాయిల్ పైకి తీస్తే ప్లగ్ గుంతలో నీళ్లు! కళ్లద్దాలు పెట్టుకుని, ప్లగ్ విప్పకముందే గాలి కొట్టి ఆరబెట్టాను. లేకపోతే ఆ నీళ్లు, మట్టి సిలిండర్‌లోకి పోతాయి. కాయిల్ రబ్బరు బూటు (ప్లగ్ మీద కూర్చునే తొడుగు) పగిలి ఉంది, ఆటోనగర్‌లో కొత్తది కొని వేశాను. ప్లగ్ తిరిగి బిగించేటప్పుడు మొదటి మరలు చేత్తోనే తిప్పాను.

తర్వాతి వానలకు వణుకు రాలేదు. మీ బండికి కారణం వేరే కావచ్చు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లన్నిటికీ కరెంటు పంచే భాగం) ఉన్న పాత కార్లలో క్యాప్ లోపలి తేమ కూడా చూడాలి.