పాత కారుకి ఎలక్ట్రిక్ మోటార్ పెట్టాక వచ్చే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

పెట్రోల్ ఇంజిన్ దించి మోటార్ ఎక్కించిన పాత కారు మొరాయిస్తే ముందు మోటార్ మీదో, బ్యాటరీ మీదో అనుమానం పోతుంది. అంత ఖరీదైనవి మార్చే ముందు వాటి మధ్యనున్న బోల్టులు, కాంటాక్టర్లు (బ్యాటరీ కరెంటుని కలిపే, విడదీసే పెద్ద స్విచ్చులు), వైర్లు చూడండి.

జాగ్రత్త: తాళంచెవి తీసేసి, బ్యాటరీ కరెంటుని తెంపే ప్లగ్గుని, అంటే సర్వీస్ డిస్‌కనెక్ట్ లాగేయండి. కంట్రోలర్ (మోటార్‌కి వెళ్లే కరెంటుని అదుపు చేసే పెట్టె) కెపాసిటర్లలో ఛార్జ్ కాసేపు ఉంటుంది కాబట్టి మాన్యువల్లో చెప్పినంతసేపు ఆగి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. బ్యాటరీ ప్యాక్ లోపల వోల్టేజీ ఎప్పుడూ ఉంటుంది. 1000 వోల్టుల గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. ఉంగరం, వాచీ తీసేయండి.

ఎత్తు ఎక్కేటప్పుడు బలం పడిపోతోంది, పెడల్ వదలగానే మామూలవుతోంది

ఒక సెల్ నీరసించి ఉండాలి, లేదా సెల్స్‌ని కలిపే రాగి పట్టీ (బస్‌బార్) జాయింట్ ఒకటి వదులై ఉండాలి. చిక్కేమిటంటే బీఎంఎస్ (సెల్స్‌ని గమనించే సర్క్యూట్) తెర మీద రెండూ ఒకేలా కనిపించవచ్చు. లోడ్ పడగానే ఒక సెల్ వోల్టేజీ బాగా కిందికి పోతుంది. కొలిచే వైరు జాయింట్‌కి అవతల ఉంటే, అక్కడ పోయే వోల్టేజీ కూడా సెల్ ఖాతాలోనే పడుతుంది మరి.

అందుకే బండి గట్టిగా నడిపి ఆపిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో జాయింట్లన్నీ వరసగా చూడండి. మెరిసే రాగి మీద అది తక్కువ చూపిస్తుంది, ముందే నల్ల టేపు ముక్కలు అంటించండి. 1 మిల్లీ ఓమ్ అంటే ఏమీ లేనట్టే అనిపిస్తుంది. కానీ 200 ఆంపియర్లు పారితే అక్కడ 0.2 వోల్టులు పోయి, 40 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టే.

వేడెక్కిన జాయింట్ విప్పి, రెండు వైపులా సన్న ఎమెరీ పేపర్‌తో రుద్ది, పొడి తుడిచి, సెల్ తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించండి. స్పానర్ పిడికి టేపు చుట్టండి. స్టీలు వాషర్ బస్‌బార్‌కీ టెర్మినల్‌కీ మధ్య ఉంటే తీసి బోల్టు తల కింద పెట్టండి. కరెంటు రాగి నుంచి నేరుగా టెర్మినల్‌లోకి పోవాలి. జాయింట్లన్నీ చల్లగానే ఉండి అదే సెల్ వోల్టేజీ పడిపోతుంటే, అప్పుడు సెల్ మార్చండి.

తాళం తిప్పినా కాంటాక్టర్ పడటం (కలవడం) లేదు

ప్రీఛార్జ్, అంటే మెయిన్ కాంటాక్టర్ పడకముందే ఒక రెసిస్టర్ గుండా కంట్రోలర్ కెపాసిటర్లని మెల్లగా నింపడం, పూర్తికావడం లేదేమో చూడండి. రెసిస్టర్ కాలిపోయి ఉండొచ్చు. లేదా హీటరో, ప్యాక్ వోల్టేజీని లైట్లు, హారన్ లాంటి వాటికి తగ్గించి ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టరో ముందే ఆన్ అయి ఆ కొద్ది కరెంటూ లాగేస్తుండొచ్చు. మెయిన్ కాంటాక్టర్ పడ్డాకే అవి ఆన్ అయ్యేలా వైరింగ్ మార్చండి. తాళం తీసినా కాంటాక్టర్ వదలకపోతే మాత్రం పాయింట్లు అతుక్కుపోయి ఉండొచ్చు. కొత్తది వేసి ప్రీఛార్జ్ లోపం సరిచేయకుండా వదిలేస్తే అదీ అతుక్కుంటుంది.

వేగం పెరిగేకొద్దీ వణుకు

న్యూట్రల్‌లోనూ వస్తే మోటార్ షాఫ్టుని గేర్‌బాక్సుకి కలిపే కప్లర్ సెంటర్ తప్పిందేమో, సన్నని ఊపునీ చూపే డయల్ గేజ్‌తో చూడండి. బోల్టు రంధ్రాల్లో ఆట ఉంటుంది కాబట్టి మోటార్‌ని గేర్‌బాక్సుకి బిగించే అడాప్టర్ ప్లేటుకి, స్థానం కదలకుండా పట్టే డోవెల్ పిన్నులు వేయాలి.

బ్రేకు పెడల్ గట్టిపడింది

పెడల్ తేలిగ్గా దిగేలా సాయపడే బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చింది ఇన్నాళ్లూ ఇంజినే. ఇప్పుడా పని ఎలక్ట్రిక్ పంపుది. ఫ్యూజు, గొట్టం, చెక్ వాల్వ్ చూడండి. ఇది సరయ్యే వరకు బండి రోడ్డెక్కకూడదు.

వర్షం పడ్డాక ఇన్సులేషన్ ఫాల్ట్

వోల్టుకి 500 ఓమ్‌ల లెక్కన 144 వోల్టుల బండిలో ప్యాక్‌కీ బాడీకీ మధ్య కనీసం 72 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉండాలి. ఒక్కో భాగాన్నీ విడదీసి కొలవండి. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పంపి ఇన్సులేషన్ కొలిచే మీటర్) వాడితే ముందు కంట్రోలర్, బీఎంఎస్ ఊడదీయాలి. బ్రష్షులున్న డీసీ మోటార్ అయితే లోపలి కార్బన్ పొడి, దానికి తోడు చెమ్మ కలిసి కరెంటుకి బాడీలోకి దారి ఇస్తాయి; మాస్కు పెట్టుకుని పొడిగాలితో ఊది మళ్లీ కొలవండి.