నేల నత్తను గుర్తుపట్టడం: మూత, కొమ్ములు, చుట్లు

తొలకరి పడ్డ మర్నాడు పొద్దున్నే చెలక గట్ల మీద, తోటల్లో, రాళ్ల కింద వెతకండి. గ్లోవ్స్ తప్పనిసరి. కొన్ని నత్తల్లో మన మెదడుకు హాని చేసే పురుగు లార్వాలు ఉంటాయి.

ముందు మూత చూడాలి. నల్లగొండ వరి మళ్ల పక్కన దొరికే గుండ్రటి గుల్ల తరచుగా పైలాది. అది నీటి నత్త, గట్టి మూత ఉంటుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఎండాకాలంలో నేల నత్త కూడా గుల్ల మూతిని పొరతో మూసుకుంటుంది. అది ఎండిన జిగురు, గోటితో గీరితే ఊడొస్తుంది. అసలు మూత పాదానికి అతుక్కుని, నత్తతోపాటే కదులుతుంది.

కొమ్ములు రెండు జతలుండి, పై జత కొసన కళ్లుంటే స్టైలొమ్మటొఫోరా, అంటే మూతలేని నేల నత్తల గుంపు. ఒకే జత, కళ్లు మొదట్లో, పైగా మూత ఉంటే సైక్లోఫోరిడే లాంటి, మూతున్న నేల నత్తల కుటుంబం.

పొడవాటి గుల్ల, 7–9 చుట్లు, గోధుమరంగు చారలుంటే ఆఫ్రికా రాక్షస నత్తను అనుమానించండి. 1847లో కలకత్తాకు తెచ్చిన జాతి ఇది. పిల్లనత్తకు చుట్లు తక్కువ కాబట్టి లెక్క నమ్మొద్దు. గుల్ల చుట్లు తిరిగే నడిమి ఇరుసు మూతి లోపల కనిపిస్తుంది; అది అడుగున కోసేసినట్టు ఆగిపోయిందా చూడండి, ఈ జాతికి అదే గుర్తు. గుల్ల పొట్టిగా, అడుగున బొడ్డులాంటి రంధ్రంతో ఉంటే క్రిప్టోజోనా అనే నేల నత్త కావచ్చు. దాని ఏరియోఫాంటిడే కుటుంబంలో జాతి తేల్చాలంటే జననాంగాలు కోసి చూడాలి.

అందుకే నమూనా కావాలి. కాచి చల్లార్చిన నీళ్లు సీసా నిండా పోసి, గాలి లేకుండా మూసి రాత్రంతా ఉంచితే నత్త ఒళ్లు బయటికి చాచి చస్తుంది. తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ఫార్మలిన్ వద్దు, దాని ఆమ్లం గుల్లను తినేస్తుంది. చీటీ పెన్సిల్‌తోనే: ఊరు, మండలం, తేదీ. ఉత్తగా ‘నల్లమల’ అని రాస్తే ఎందుకూ పనికిరాదు.